సృష్టికి ఉద్దేశం లేదనుకున్నవాళ్లు దేన్ని పట్టుకుని బతుకుతారు? ఆధారాలు చెప్పేదెంత?

దేవుడు లేడనీ, ఈ సృష్టికి ముందే రాసిపెట్టిన ఉద్దేశమేదీ లేదనీ ఎవరైనా పైకి అంటే ఎదుటివాళ్ల నోట వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "మరి బతకడం ఎందుకు?" చాలాసార్లు ఇది వాదన కోసం అడిగేది కాదు. కొడుకు పూజగదిలోకి రావడం మానేస్తే తల్లికి కలిగే బెంగ కూడా ఆ ప్రశ్నలో ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు వీడు దేన్ని పట్టుకుని నిలబడతాడు అన్న భయం అది. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే అందులో ఒక ఊహ దాగి ఉంది. విశ్వానికి ఉద్దేశం లేదనుకున్న మనిషికి తన సొంత బతుకు కూడా వట్టిపోయినట్టు అనిపిస్తుందని ఆ ఊహ. ఇది పరీక్షించి చూడగలిగేదే. గత ఇరవై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు కొంతమేరకు ఆ పరీక్ష పెట్టారు.

విశ్వానికి ఉద్దేశం ఉందా లేదా అన్నది సర్వేలతో తేలేది కాదు. ఈ వ్యాసం ఆ జోలికి పోదు. ఉద్దేశం లేదని నమ్మేవాళ్ల జీవితాలు వాళ్లకెలా అనిపిస్తున్నాయి, అలా అనిపించడానికి కారణాలేమిటి, ఈ రెండే ఇక్కడ చూస్తున్నది. నా అభిప్రాయం ముందే చెబుతాను. సృష్టి ఉద్దేశం మీద నమ్మకం, సొంత జీవితానికి అర్థం ఉందన్న అనుభవం రెండూ వేర్వేరు విషయాలు. మొదటిది పోయినంత మాత్రాన రెండోది పోదు. కానీ మొదటిదానితోపాటు మనిషి చుట్టూ ఉన్న మనుషులు కూడా దూరమైతే రెండోది నిజంగానే దెబ్బతింటుంది. అందుబాటులో ఉన్న ఆధారాలు ఇంతవరకు తీసుకొస్తాయి, ఇంతకు మించి కాదు.

మూడు వాక్యాలు

అమెరికాలో 1972 నుంచి జనరల్ సోషల్ సర్వే అనే పెద్ద సర్వే జరుగుతోంది. దాని కొన్ని విడతల్లో మతం గురించిన భాగంలో జనాన్ని మూడు వాక్యాల మీద అభిప్రాయం అడిగారు. దేవుడు ఉన్నాడు కాబట్టే జీవితానికి అర్థం ఉంది అన్నది ఒకటి. జీవితం వల్ల ఏ ప్రయోజనమూ లేదు అన్నది మరొకటి. మనం కల్పించుకుంటేనే జీవితానికి అర్థం ఉంటుంది అన్నది ఇంకొకటి. ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, ఎంతమేరకు అని అడిగారు.

ఈ మూడూ పక్కపక్కన ఉండటంలోనే విషయమంతా ఉంది. దేవుడు లేడనే మనిషి మొదటి వాక్యాన్ని ఎలాగూ కాదంటాడు. అందులో తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. తెలుసుకోవాల్సింది రెండో వాక్యం దగ్గర అతను ఏమంటాడన్నది. "నమ్మకం పోతే అంతా పోతుంది" అన్న ఊహ నిజమైతే, నాస్తికులు రెండో వాక్యాన్ని ఆస్తికులకంటే ఎక్కువగా ఒప్పుకోవాలి. డేవిడ్ స్పీడ్, థామస్ కోల్మన్, జోసెఫ్ లాంగ్‌స్టన్ అనే పరిశోధకులు ఈ సమాధానాలను విశ్లేషించి 2018లో ఫలితాలు ప్రచురించారు. జీవితం నిష్ప్రయోజనం అనడంలోనూ, విడిగా అడిగిన మరో ప్రశ్నలో అంతా విధిరాత అనడంలోనూ నాస్తికులు ఆస్తికులకంటే ముందున్నట్టు వాళ్లకు కనిపించలేదు. తేడా వచ్చింది మూడో వాక్యం దగ్గర. అర్థాన్ని మనమే కల్పించుకోవాలని నాస్తికులు, మతంతో సంబంధం లేనివాళ్లు ఎక్కువగా అన్నారు.

ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? ఆ దేశంలో తమను నాస్తికులుగా చెప్పుకునేవాళ్లు తక్కువ కాబట్టి సర్వేలో వాళ్ల సంఖ్యా తక్కువే. చిన్న గుంపులో చిన్న తేడాలు లెక్కకు దొరకవు. పైగా, సర్వే చేసే మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతుంటే "నా జీవితం వ్యర్థం" అని ఎంతమంది చెప్పగలరు? అందుచేత నాస్తికులూ ఆస్తికులూ సరిగ్గా సమానమని ఈ అధ్యయనం రుజువు చేసిందనడం తొందరపాటు అవుతుంది. నాస్తికత్వం మనిషిని శూన్యవాదంలోకి నెడుతుందన్న బలమైన వాదనకు మాత్రం ఇక్కడ మద్దతు దొరకలేదు.

జర్మనీ నుంచి వచ్చిన ఆధారం ఇంకాస్త చిక్కుగా ఉంది, అందుకే నాకు మరింత విలువైనదిగా తోస్తోంది. ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన తాత్యానా ష్నెల్ "అర్థం ఉందా" అని అడగడంతోపాటు "అర్థం లేదన్న బాధ ఉందా" అని విడిగా అడిగారు. 603 మంది జర్మన్లతో చేసిన అధ్యయనంలో సుమారు 35 శాతం మందికి జీవితంలో చెప్పుకోదగ్గ అర్థమూ లేదు, లేదన్న బాధా లేదు. అర్థం లేక కుమిలిపోతున్నవాళ్లు దాదాపు 4 శాతమే. ఆ 35 శాతం మందిలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనబడలేదు గానీ ఉత్సాహం, సంతోషం మాత్రం అర్థవంతంగా బతుకుతున్నామన్నవాళ్లకంటే తక్కువే. ఆమె విలియం కీనన్‌తో కలిసి 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో నాస్తికుల జీవితాల్లో అర్థం స్థాయి మతస్థులకంటే తక్కువగానే నమోదైంది. అర్థం గురించిన సంక్షోభం మాత్రం వాళ్లలో ఎక్కువేమీ లేదు.

అంటే రెండు పక్షాలకూ పూర్తిగా అనుకూలించని ఫలితం. నాస్తికులకు ఏ తేడా లేదనేవాళ్లు "తక్కువ" అన్న మాటను దాటేస్తారు. నాస్తికులు నరకం అనుభవిస్తున్నారనేవాళ్లు "సంక్షోభం లేదు" అన్న మాటను దాటేస్తారు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

మతం ఇచ్చేదాన్ని కాదనలేం

నా అభిప్రాయానికి ఎదురు వచ్చే ఆధారాలను కూడా ఇక్కడే పెట్టాలి. షిగెహిరో ఓయిషి, ఎడ్ డీనర్ 2014లో 132 దేశాల గాలప్ సర్వే సమాధానాలను పరిశీలించారు. మీ జీవితానికి ముఖ్యమైన ఉద్దేశం గానీ అర్థం గానీ ఉందనిపిస్తోందా అన్నది ప్రశ్న. అవునో కాదో చెప్పాలి. సంపన్న దేశాలకంటే పేద దేశాల్లో "అవును" అన్నవాళ్ల వాటా ఎక్కువగా తేలింది. జీవితం మీద తృప్తి అడిగితే లెక్క తిరగబడి సంపన్న దేశాలే ముందుంటాయి. పేద దేశాల్లో అర్థం ఎక్కువగా ఉండటానికి మతవిశ్వాసం ఒక ప్రధాన కారణంగా వాళ్ల విశ్లేషణలో బయటపడింది. దేశాల సగటులను బట్టి ఒక్కో మనిషి గురించి తీర్పు చెప్పలేం. పేద దేశాల్లో పెద్ద కుటుంబాలు, ఇరుగుపొరుగు సంబంధాలు కూడా బలంగా ఉంటాయి. అయినా ఈ ఫలితాన్ని పక్కన పెట్టేయడం నిజాయతీ కాదు.

మైకేల్ ప్రిన్జింగ్, పాటీ వాన్ కాపెలెన్, బార్బరా ఫ్రెడ్రిక్సన్ చేసిన పరిశోధన ఇంకా సూటిగా ఉంటుంది. మతస్థులకు జీవితంలో అర్థం ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది? గుడిలోనో చర్చిలోనో నలుగురు మనవాళ్లు ఉండటం వల్లనా, లేక ఈ విశాల విశ్వంలో నేనూ లెక్కలోకి వస్తాను అన్న భావన వల్లనా? వాళ్ల లెక్కల్లో రెండో కారణమే బలంగా నిలిచింది. నక్షత్రాల మధ్య తనకో చోటుందన్న భావన కొందరికి నిజంగా బలమిస్తుంది. ఆ చోటు మీద నమ్మకం లేనివాళ్లకు అదే బలం అదే రూపంలో దొరకదు. నాస్తికులు దీన్ని ఒప్పుకోవాలి.

మరో కోణం కూడా ఉంది. బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో బ్రెజిల్, చైనా, డెన్మార్క్, జపాన్, బ్రిటన్, అమెరికా దేశాల్లోని అవిశ్వాసుల మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. దేవుడిని నమ్మనివాళ్లంతా విశ్వాన్ని అర్థరహితంగా చూస్తారనుకోవడం పొరపాటని అది చూపింది. అలా గట్టిగా అనేవాళ్లు అవిశ్వాసుల్లోనూ కొద్దిమందే. మీకు విలువైనవి ఏవి అని అడిగితే కుటుంబం, స్వేచ్ఛ అన్న జవాబులు విశ్వాసుల నుంచీ అవిశ్వాసుల నుంచీ వచ్చాయి. ప్యూ పరిశోధన సంస్థ 2021లో 17 సంపన్న దేశాల్లో జీవితానికి అర్థమిచ్చేదేమిటో సొంత మాటల్లో చెప్పమంటే 14 దేశాల్లో కుటుంబం మొదటి స్థానంలో నిలిచింది. మతాన్ని ప్రస్తావించినవాళ్లు అమెరికాలో 15 శాతం. మిగిలిన ఏ దేశంలోనూ 5 శాతం దాటలేదు. ఈ 17 దేశాల్లో భారత్ లేదు కాబట్టి మన గురించి దీన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ఆ అనుభవం దేనితో తయారవుతుంది?

"జీవితానికి అర్థం ఉంది" అని మనిషి అన్నప్పుడు ఒక్క విషయం కాదు, మూడు విషయాలు కలిపి చెబుతున్నాడని ఫ్రాంక్ మార్టెలా, మైకేల్ స్టెగర్ 2016లో రాశారు. తన జీవితం తనకు అర్థమవుతోంది. ముందుకు నడిపించే లక్ష్యాలున్నాయి. తన బతుక్కి విలువ ఉంది. ఈ మూడింటిలో ఏది అసలు పునాది? వ్లాడ్ కోస్టిన్, వివియన్ విన్యోల్స్ 2020లో కొంతకాలం వ్యవధి ఇచ్చి ఒకే మనుషులను మళ్లీ అడిగి చూశారు. "నా బతుకు లెక్కలోకి వస్తుంది, నేను లేకపోతే తేడా పడుతుంది" అన్న భావనే అర్థానికి ముఖ్యమైన పునాదిగా కనిపించింది.

ఈ భావన ఎంత సున్నితమైనదో చూపే ప్రయోగం ఒకటుంది. టైలర్ స్టిల్‌మన్, ఆయన సహచరులు 2009లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత తమను పరిచయం చేసుకునే చిన్న వీడియో చేయించారు. అది చూసిన అవతలి వ్యక్తికి మిమ్మల్ని కలవడం ఇష్టం లేదట అని కొందరికి చెప్పారు. ఆ తర్వాత జీవితానికి అర్థం గురించిన ప్రశ్నపత్రం ఇచ్చారు. ముక్కూముఖం తెలియని ఒక మనిషి కాదన్న మాట చాలు, వాళ్ల మార్కులు తగ్గాయి. ఆ నిమిషంలో వాళ్ల దైవభక్తిని గానీ, విశ్వం గురించిన అభిప్రాయాన్ని గానీ ఎవరూ కదిలించలేదు. మారింది ఒక్కటే, ఇంకో మనిషికి తాను అక్కర్లేదన్న కబురు.

సమాంతా హైంట్‌జెల్మన్, లారా కింగ్ 2013లో చేసిన ప్రయోగం ఇంకా విచిత్రంగా ఉంటుంది. చెట్ల ఫోటోలు చూపించారు. కొందరికి వసంతం, వేసవి, ఆకురాలు కాలం, శీతాకాలం వరసలో, మరికొందరికి వరస తప్పించి కలగాపులగంగా. ఫోటోలు చూస్తున్నది అర్థం గురించిన పరీక్షలో భాగమని వాళ్లకు తెలియదు. వరసలో చూసినవాళ్లు తమ జీవితానికి అర్థం ఉందని కాస్త ఎక్కువగా చెప్పారు. లోకంలో ఒక క్రమం కంటికి కనబడటమే ఆ భావనకు ఎంతోకొంత ఊతమిస్తుందన్నమాట. ఇవి ప్రయోగశాలలో, ఎక్కువగా విద్యార్థులతో చేసినవి. ప్రభావాలు చిన్నవి. ఒక మధ్యాహ్నం ఫోటోలు చూడటం వేరు, ఒక జీవితం గడపడం వేరు. నేను వీటికిచ్చే విలువ పరిమితమే. అయినా అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. తోటి మనుషులు, రోజువారీ క్రమం, ముందున్న పని. అర్థం అన్న అనుభవం ఎక్కువగా ఇలాంటి దగ్గరి విషయాల మీద ఆధారపడుతోంది.

ఆరోగ్య పరిశోధనలను ఉదహరించేటప్పుడు ఈ తేడా తరచూ మరుగున పడుతుంది. జీవితానికి ఉద్దేశం ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని పత్రికల్లో చదువుతుంటాం. దాని వెనకున్న అధ్యయనాల్లో షికాగోలో పాట్రీషియా బాయిల్ బృందం 2009లో ప్రచురించినది ఒకటి. డిమెన్షియా లేని 1,238 మంది వృద్ధులను గమనిస్తే, ఉద్దేశం బలంగా ఉన్నవాళ్లకు ఆ కాలంలో చనిపోయే ముప్పు బలహీనంగా ఉన్నవాళ్లకంటే సుమారు 40 శాతం తక్కువగా తేలింది. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 43,391 మందిని "మీకు ఇకిగాయ్ (బతకడానికి తగ్గ కారణం) ఉందా" అని ఒక్క ప్రశ్న అడిగి ఏడేళ్లు గమనించారు. లేదన్నవాళ్లలో మరణాల ముప్పు ఉందన్నవాళ్లకు ఒకటిన్నర రెట్లు. అనారోగ్యమే ముందు వచ్చి ఉత్సాహాన్ని తినేసి ఉండొచ్చు. పరిశోధకులు దానికి సవరణలు చేసినా ఆ అనుమానం పూర్తిగా తీరదు. ఇక్కడ చూడాల్సింది వాళ్లను ఏమడిగారన్నది. బాయిల్ వాడిన ప్రశ్నావళి లక్ష్యాల గురించి, రేపటి పనుల గురించి అడుగుతుంది. సృష్టికి ఉద్దేశం ఉందా అని అడగదు. కాబట్టి ఈ అధ్యయనాలను దైవ నిర్ణయం మీద నమ్మకం ఆయుష్షు పెంచుతుందనడానికి వాడటం తప్పు.

రాయి దొర్లించేవాడి ప్రశ్న

ఇక్కడ ఒక తాత్విక అభ్యంతరం గట్టిగా వస్తుంది. అర్థం ఉన్నట్టు అనిపిస్తే చాలా? గ్రీకు కథలో దేవతల శాపం వల్ల సిసిఫస్ రాయిని కొండపైకి దొర్లిస్తాడు. అది కిందికి జారుతుంది. మళ్లీ దొర్లిస్తాడు. ఆల్బేర్ కామూ 1942లో ఈ కథను మనిషి స్థితికి ప్రతీకగా తీసుకున్నాడు. అమెరికన్ తత్వవేత్త రిచర్డ్ టేలర్ 1970లో కథకు చిన్న మార్పు చేశాడు. దేవతలు జాలిపడి సిసిఫస్‌కు రాళ్లు దొర్లించాలన్న తీరని కోరిక ఎక్కించారనుకోండి. పని అదే, రాయి అదే, ఫలితం సున్నా. కానీ ఇప్పుడతను తనకు ఎంతో ఇష్టమైన పని చేస్తున్నాడు. అలాంటి జీవితానికి అర్థముందని టేలర్ తేల్చాడు.

నాకు ఇది ఒప్పుదల కాదు. ఇష్టమే సరిపోయేటట్టయితే రోజంతా ఫోన్‌లో పందేలు కాసే కుర్రాడికీ, రోజంతా రోగుల దగ్గర కూర్చునే నర్సుకూ తేడా ఉండకూడదు. సూసన్ వూల్ఫ్ 2010లో వచ్చిన పుస్తకంలో చెప్పిన జవాబు దీనికంటే నిలకడగా ఉంది. మనసు పెట్టి చేసే పని, నిజంగా మనసు పెట్టదగ్గ పని, ఈ రెండూ కలిసినచోట అర్థం ఉంటుందని ఆమె అంటారు. పనికి విలువ ఉండాలంటే విశ్వానికి ఉద్దేశం ఉండనక్కర్లేదు. దాహమేసిన మనిషికి నీళ్లివ్వడం మంచిపని కావడానికి గెలాక్సీలు ఎందుకు పుట్టాయో తెలియాల్సిన పనిలేదు. థామస్ నేగెల్ 1971లో మరో మాట అన్నాడు. పది లక్షల ఏళ్ల తర్వాత మనం చేసేదేదీ లెక్కలోకి రాదంటే, పది లక్షల ఏళ్ల తర్వాతి ఆ సంగతి కూడా ఇవాళ లెక్కలోకి రాదు.

ముదునూరు, పటమట

తాత్విక వాదన ఒక ఎత్తు, ఒక కుటుంబం దాన్ని యాభై ఏళ్లు బతికి చూపడం ఇంకో ఎత్తు. తెలుగునేల మీద అలాంటి ఉదాహరణ గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావుది, సరస్వతీ గోరాది.

గోరా 1902లో గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. జంధ్యం తీసేసినందుకు కులం వెలివేసింది. నాస్తిక భావాల వల్ల 1930ల్లో కాకినాడలోనూ తర్వాత మచిలీపట్నంలోనూ ఉద్యోగాలు పోయాయి. ఇంతవరకు ఇది నమ్మకం పోయినవాడు నష్టపోయిన కథ. ఇల్లు, కులం, జీతం అన్నీ పోయాయి. పైన చెప్పిన అధ్యయనాల భాషలో చెబితే, ఆయన ఎవరికి లెక్కో ఆ గుంపు ఆయన్ను లెక్కలోంచి తీసేసింది.

తర్వాత జరిగింది గమనించాలి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. 1947లో విజయవాడ పటమటకు మారింది. అక్కడ దేవుడు లేడని ఉపన్యాసాలివ్వడంతో ఆగలేదు. కులాలు కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనాలు, అక్షరాస్యత తరగతులు, అంటరానితనం మీద పోరాటం, కులాంతర వివాహాలు. సరస్వతి 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. పిల్లలకు దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం. తొమ్మిదో బిడ్డ నౌ, అంటే హిందీలో తొమ్మిది. పుట్టిన బిడ్డను ఏ పెద్ద కథలోకి చేర్చాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఈ ఇంట్లో ఆ పెద్ద కథ పురాణం కాదు, కళ్లముందు జరుగుతున్న చరిత్ర.

పెద్దకూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో కుదిరింది. సేవాగ్రాంలో తన సమక్షంలో జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. దేవుడి పేరు వచ్చేచోట సత్యం పేరు చెప్పడానికి కూడా ఆయన అంగీకరించారని 1951లో వచ్చిన తన పుస్తకంలో గోరా రాశారు. పెళ్లికి ముందే, 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. మార్చిలో పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. దేవుణ్ణి పూర్తిగా నమ్మిన మనిషి, ఏమాత్రం నమ్మని మనిషి ఒకే పెళ్లిపీట దగ్గర ఒక మాట మీదికి రావడానికి సృష్టి ఉద్దేశం గురించి ముందు తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు. అంటరానితనం పోవాలన్న ఒక్క విషయం చాలింది.

తర్వాతి తరం ఆ పనిని కొనసాగించింది. లవణం, ఆయన భార్య హేమలత (కవి జాషువా కుమార్తె) స్టూవర్ట్‌పురంలో నేరస్తులన్న ముద్ర పడ్డ కుటుంబాల పునరావాసం కోసం పనిచేశారు. నిజామాబాద్ ప్రాంతంలో జోగిని దురాచారం మీద హేమలత ఏళ్లతరబడి పోరాడారు. దానిమీద 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. గోరా కుమార్తె చెన్నుపాటి విద్య మహిళల కోసం పనిచేస్తూనే 1980లో, 1989లో విజయవాడ ఎంపీగా గెలిచారు. గోరా 1975 జులై 26న సభలో మాట్లాడుతూ కన్నుమూశారు. ఆయన మాటల్లో తరచూ వచ్చేది దేవుడు లేడన్న ఖండన కంటే మనిషి స్వేచ్ఛాజీవి, తన పనికి తానే బాధ్యుడు అన్న ప్రకటన.

ఈ ఉదాహరణ ఏం రుజువు చేస్తుంది? సృష్టి ఉద్దేశం మీద నమ్మకం లేకుండా దట్టమైన అర్థంతో బతకడం సాధ్యమని మాత్రమే. అందరికీ అది సాధ్యమని కాదు. గోరాకు చదువుంది, ఉద్యమం ఉంది, అన్నిటికీ మించి తోడు నిలిచిన భార్య ఉంది. చరిత్రలో నిలిచినవాళ్లనే మనం చూస్తున్నాం. కుంగిపోయి కనుమరుగైనవాళ్ల పేర్లు మనదాకా రావు. ఎదురు ఉదాహరణలూ తెలుగులోనే ఉన్నాయి. కట్టుబాట్లన్నిటినీ నిలదీసిన రచయిత చలం 1950లో విజయవాడ వదిలి అరుణాచలం వెళ్లి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి వంటి హేతువాది కొడుకు, ఎమ్మెన్ రాయ్ అనుచరుడు అయిన రచయిత గోపీచంద్ తర్వాత అరవిందుడి తత్వం వైపు మొగ్గారు. దీన్ని ఓటమి అనే హక్కు ఎవరికీ లేదు. ఒకరికి సరిపడిన జవాబు ఇంకొకరికి సరిపడలేదు, అంతే.

గోరా కుటుంబం కోల్పోయినదాన్ని మాటలతో పూడ్చుకోలేదు, మనుషులతో పూడ్చుకుంది. నా దృష్టిలో ఇదే అసలు సంగతి. వెలివేసిన కులం స్థానంలో సహపంక్తి వచ్చింది. పోయిన పౌరోహిత్యం స్థానంలో వేరే రకం పెళ్లి వచ్చింది. అర్థానికి పునాది లెక్కలో ఉండటమే అన్న ఇటీవలి పరిశోధనకు ఇది బాగా సరిపోతుంది. సరిపోవడం రుజువు కాదు, కానీ దారి చూపిస్తుంది.

మన దగ్గర ఈ దారి ఎందుకు ముఖ్యమో ఒక అంకె చెబుతుంది. 2019–20లో దాదాపు 30 వేల మంది భారతీయులతో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. ఇలాంటి సమాజంలో నమ్మకం పోయిన మనిషికి మొదట ఎదురయ్యేది విశ్వం మౌనం కాదు, ఇంట్లో మౌనం. తండ్రి పోయినప్పుడు కర్మ ఎవరు చేస్తారు, పెళ్లికి ముహూర్తం పెట్టకపోతే వియ్యాలవారు ఏమంటారు, పండగపూట అందరూ గుడికి వెళితే తానెక్కడ కూర్చోవాలి. హేతువాద సంఘాలవాళ్లు పెద్దకర్మ బదులు సంస్మరణ సభ పెట్టడం, దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వడం ఈ ఖాళీని పూరించే ప్రయత్నాలే. పల్లెలో ఒంటరిగా ఉన్న కుర్రాడికి ఆ సంఘాలు చాలావరకు అందవు.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతుకు దండగ అనిపించడం డిప్రెషన్ లక్షణాలు కూడా కావచ్చు. అలాంటప్పుడు గోరాను గానీ గీతను గానీ చదవమని చెప్పి ఊరుకోవడం చికిత్స కాదు. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మంచి వైద్యుడు ఆ మనిషి నమ్మకాలను మార్చడానికి చూడడు, నిద్రను, తిండిని, ఒంటరితనాన్ని అడుగుతాడు.

తెలుగు రాష్ట్రాల మనస్తత్వ శాస్త్ర విభాగాలకు నా విన్నపం ఒకటే. ఆ మూడు వాక్యాలను మన భాషలో, మన పల్లెల్లో, మన కాలేజీ హాస్టళ్లలో అడగండి. నమ్మేవాళ్లనీ నమ్మనివాళ్లనీ, ఎటూ తేల్చుకోనివాళ్లనీ అడగండి. వాటి పక్కన ఇంకో ప్రశ్న చేర్చండి. మీరు వారం రోజులు కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎంతమంది? ఆ జవాబులు చేతికి వచ్చేదాకా, నమ్మకం పోయిందని చెప్పిన పిల్లవాణ్ణి "మరి బతకడం ఎందుకు" అని అడగకండి. రాత్రి భోజనానికి ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకోండి.